ఇంటి అక్వేరియంలో కోరిడోరాస్: పెంపకం, గుడ్లు, పిల్లల సంరక్షణకు సమగ్ర మార్గదర్శి

కోరిడోరాస్ (మీసాలున్న చిన్న క్యాట్‌ఫిష్‌లు, ముద్దుగా కోరీలు) పెంచేవారి నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు రెండు. మొదటిది: ‘గుడ్లు పెట్టించడం ఎలా?’ రెండోది: ‘గుడ్లు పెట్టాయి, పిల్లలూ వచ్చాయి, వారం తిరిగేసరికి ఒక్కటీ మిగలలేదు. ఎందుకు?’ రెండో ప్రశ్నే పెద్దది. ఆరోగ్యంగా ఉన్న కోరీల చేత గుడ్లు పెట్టించడం అంత కష్టమైన పని కాదు. పిల్లలను మొదటి రెండు వారాలు దాటించడమే అసలు పని.

ఇవి అడుగున తిరిగే చేపలు. తినడం, విశ్రాంతి తీసుకోవడం, పుట్టిన పిల్లలు మొదటి రోజులు గడపడం అంతా తొట్టి అడుగునే. అందుకే కింద చెప్పే ప్రతి దశలోనూ అడుగు శుభ్రత ప్రస్తావన వస్తుంది. దాన్ని ఎక్కడా దాటవేయకండి.

## 1. జాతిని మీ నీటి వేడిని బట్టి ఎంచుకోండి

చాలామంది రంగు చూసి కొంటారు. నా సలహా వేరు: ముందు మీ గదిలో నిలవ ఉంచిన నీటిలో థర్మామీటర్ పెట్టి కొన్ని రోజులు ఉదయం, మధ్యాహ్నం చూడండి. ఆ వేడికి సరిపోయే జాతినే తెచ్చుకోండి. హీటర్‌తో నీటిని వేడి చేయడం తేలిక, వేడి నీటిని నెలల తరబడి చల్లగా ఉంచడం కష్టం.

- కంచు కోరీ (ఈనియస్): 22–26 డిగ్రీలు. గట్టి చేప, ఒక్కసారికి వందకు పైగా గుడ్లు పెట్టగలదు. తొలిసారి ప్రయత్నించేవారికి ఇదే ఉత్తమం. తెల్లటి అల్బినో కోరీల్లో ఎక్కువ భాగం ఈ జాతివే.
- పెప్పర్డ్ కోరీ (పాలియాటస్): 18–24 డిగ్రీలు. చల్లని నీరు ఇష్టపడుతుంది. 27 డిగ్రీలు దాటిన నీటిలో ఎక్కువ కాలం ఉంచకూడదు.
- స్టెర్బాయ్: 24–28 డిగ్రీలు. నీరు కాస్త వెచ్చగా ఉండే ఇళ్లకు ఇది సరైనది.
- పాండా: 20–25 డిగ్రీలు. గుడ్లు తక్కువ, పిల్లలు సున్నితం. ఒకసారి కంచు కోరీలతో అనుభవం వచ్చాక ప్రయత్నించండి.
- పిగ్మీ కోరీ: దాదాపు రెండున్నర సెంటీమీటర్ల చేప. అడుగునే ఉండిపోకుండా నీటి మధ్యలోనూ గుంపుగా ఈదుతుంది.

ఏ జాతి అయినా కనీసం ఆరు చేపలు, అన్నీ ఒకే జాతివి కావాలి. రెండు జాతులకు రెండేసి, మూడేసి చొప్పున తెచ్చి ‘మొత్తం ఆరు ఉన్నాయి కదా’ అనుకుంటే గుంపు ధైర్యం రాదు. పైగా దగ్గరి జాతులు కలిసి సంకర పిల్లలు పుట్టే అవకాశం ఉంది.

కొనేటప్పుడు చేపను కిందినుంచి, పక్కనుంచి చూడండి. మీసాలు పొడవుగా, చివరలు తెగకుండా ఉండాలి. పొట్ట లోపలికి పోయి ఉన్నా, పొట్ట మీద ఎర్రని మచ్చలున్నా, రెక్కలు ముడుచుకొని మొప్పలు వేగంగా కొట్టుకుంటున్నా ఆ తొట్టిలోంచి ఏ చేపనూ తీసుకోకండి.

## 2. తొట్టి సిద్ధం చేయడం

పెద్ద కోరీలకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టి (సుమారు 54 లీటర్లు) కనీస కొలత. పిగ్మీ కోరీలకు 40 లీటర్లు చాలు. ఎత్తు కన్నా అడుగు వైశాల్యం ముఖ్యం.

ఇసుక. అంచులు గరుకుగా లేని సన్నని ఇసుక 2–3 సెంటీమీటర్ల మందాన పరవండి. కోరీ ఇసుకలో మూతి గుచ్చి, నోటినిండా తీసుకొని, తిండిని వేరు చేసుకొని మిగిలిన ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. కాసేపు గమనిస్తే మొప్పల పక్కనుంచి ఇసుక సన్నగా జారడం స్పష్టంగా కనిపిస్తుంది. గులకరాళ్లలో ఈ పని చేయలేదు. పదునైన అంచులుంటే మీసాలు, మూతి దెబ్బతింటాయి. ఇసుకను నీరు తేరుకునే వరకు కడిగాకే వేయండి.

ఫిల్టర్. స్పాంజి ఫిల్టర్ ఒకటి, వీలైతే రెండు. గాలి అందుతుంది, పిల్లలను లాగదు. రేపు పిల్లల తొట్టిలోకి మార్చడానికి రెండో ఫిల్టర్ సిద్ధంగా ఉంటుంది.

పైభాగం. కోరీలు అప్పుడప్పుడూ బాణంలా పైకి దూసుకొచ్చి గాలి మింగి కిందికి వెళతాయి. పేగుల గుండా ఆ గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకోగలవు. కాబట్టి నీటికీ మూతకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. మూత మాత్రం తప్పనిసరి.

సైక్లింగ్. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరిత అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి (దీన్నే సైక్లింగ్ అంటారు) సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు కొత్త తొట్టిలో కోరీలను వేయకండి.

చేపలను తెచ్చే ముందు సరిచూసుకోవలసినవి:

- అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా
- నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు
- పీహెచ్ 6.5–7.5 మధ్య, రోజురోజుకూ మారకుండా
- కుళాయి నీరైతే క్లోరిన్ తొలగించే మందు కలిపారా? నీటిని ఒక రోజు గాలి పెట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది, క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన రసాయనం) పోదు
- వేరు మొద్దులు, గుహలు, వెడల్పాటి ఆకుల మొక్కలతో నాలుగైదు నీడ చోట్లు
- లైటు మరీ ఎక్కువగా లేదు

## 3. రోజువారీ సంరక్షణ

‘ఇవి మిగిలిపోయిన తిండి తిని తొట్టి శుభ్రం చేస్తాయి’ అన్న మాట వల్ల ఆకలితో చనిపోయే కోరీలకు లెక్క లేదు. వీటికి ప్రత్యేకంగా తిండి వేయాలి. మునిగే గుళికలు రోజూ, వారంలో రెండు మూడుసార్లు గడ్డకట్టించిన బ్లడ్‌వర్మ్‌లు (ఎర్రని చిన్న పురుగులు), డాఫ్నియా (నీటి ఈగలు) లేదా ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యలు). పై నీటిలో చురుకైన చేపలుంటే లైటు ఆర్పిన తర్వాత వేయండి. చీకట్లో మీసాలతో వెతుక్కొని తింటాయి.

వారానికోసారి నాలుగో వంతు నుంచి మూడో వంతు నీరు మార్చండి. సైఫన్ గొట్టాన్ని ఇసుకకు కాస్త పైన తిప్పితే చెత్త లేస్తుంది, ఇసుక లేవదు. మూలల్లో, రాళ్ల వెనక తిండి పేరుకుంటుంది కాబట్టి అక్కడ ఇసుకను వేలితో మెల్లగా కదపండి. మీసాలు అరిగిపోవడానికి ఇసుక గరుకుదనం ఒక కారణమైతే, మురికి ఇసుకలో పెరిగే బ్యాక్టీరియా అంతకన్నా పెద్ద కారణం.

వల వాడకండి. వెన్ను రెక్కకు, పక్క రెక్కలకు గట్టి ముళ్లుంటాయి. భయపడగానే అవి నిక్కబొడుచుకొని బిగుసుకుంటాయి, వలలో చిక్కుకుంటాయి. ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలి పట్టుకోండి. వలలో చిక్కితే లాగకండి, వలను కత్తిరించండి.

తోడుగా చిన్న టెట్రాలు, రాస్బోరాలు బాగుంటాయి. కోరీని మింగగలిగే పెద్ద చేపలు వద్దు. ముళ్లు గొంతులో అడ్డుపడి రెండూ చనిపోవచ్చు.

## 4. మగ, ఆడ గుర్తించి సిద్ధం చేయడం

పక్కనుంచి చూస్తే తేడా తెలియదు. పైనుంచి చూడండి. ఆడ చేప పెద్దది, పక్క రెక్కల వెనక వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది. మగ చేప చిన్నది, సన్నగా ఉంటుంది. ఏడాది లోపు చేపల్లో గుర్తింపు నమ్మకంగా ఉండదు, తొందరపడకండి.

ఒక ఆడకు రెండు మగల చొప్పున ఉంటే మంచిది. ఆరు చేపలను చిన్నప్పుడే తెచ్చి పెంచితే సాధారణంగా మగ, ఆడ రెండూ ఉంటాయి.

ఇక తిండి. పది రోజుల నుంచి రెండు వారాల పాటు రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ కొద్దికొద్దిగా, మాంసాహారం ఎక్కువగా వేయండి: బ్లడ్‌వర్మ్‌లు, డాఫ్నియా, ఆర్టీమియా, శుభ్రమైన చోటినుంచి వచ్చిన ట్యూబిఫెక్స్ (బురదలో ఉండే సన్నని ఎర్ర పురుగులు). ఆడ చేప పొట్ట ఉబ్బి, పైనుంచి చూస్తే ఇరుపక్కలా స్పష్టంగా బయటికి కనిపించాలి. ఈ రోజుల్లో తిండి ఎక్కువ కాబట్టి మురికీ ఎక్కువే. మిగిలింది ప్రతి రాత్రీ తీసేయండి.

## 5. గుడ్లు పెట్టించే వరుస

వేరే తొట్టి కావాలా? తొలిసారికి అవసరం లేదని నా అభిప్రాయం. చేపలు అలవాటు పడిన తొట్టిలోనే పెట్టనిచ్చి గుడ్లను తీసుకోవడం సులువు. చోటు మారిన చేప సర్దుకోవడానికి వారాలు తీసుకోవచ్చు.

సహజంగా ఇవి వానల కాలంలో, చల్లని కొత్త నీరు వచ్చి కలిసినప్పుడు గుడ్లు పెడతాయి. మనం చేసేది ఆ మార్పును తెచ్చిపెట్టడమే.

1. తిండి పెట్టే రెండు వారాల చివర్లో, ఆవిరైన నీటిని నింపకుండా మట్టం కొద్దిగా తగ్గనివ్వండి. అమ్మోనియా సున్నాగానే ఉండాలి.
2. క్లోరిన్ తీసిన, తొట్టి నీటికన్నా 3–4 డిగ్రీలు చల్లగా ఉన్న నీటిని సిద్ధం చేయండి. మీ నీరు బాగా కఠినమైనదైతే (ఖనిజ లవణాలు ఎక్కువగా ఉంటే) సగం ఆర్‌ఓ నీరు కలపండి.
3. సాయంత్రం 30 నుంచి 50 శాతం నీరు తీసి, సిద్ధం చేసిన నీటిని సన్నని ధారగా పోయండి.
4. ఎయిర్ పంపు వేగం పెంచండి. నీటి కదలిక వీటిని ఉత్సాహపరుస్తుంది.
5. మరుసటి ఉదయం చూడండి. ఏమీ జరగకపోతే రోజూ ఇలాగే మూడు నాలుగు రోజులు చేయండి.
6. అప్పటికీ పెట్టకపోతే ఆపేసి, రెండు వారాలు మామూలుగా ఉంచి మళ్లీ ప్రయత్నించండి.

ముసురు పట్టి గాలి పీడనం పడిపోయిన రోజున మొదలుపెడితే ఫలితం వచ్చే అవకాశం పెరుగుతుందని పెంపకందారుల అనుభవం. మీ జాతికి చెప్పిన కనిష్ఠ వేడి కన్నా కిందికి మాత్రం తీసుకెళ్లకండి.

మొదలైతే మీకే తెలుస్తుంది. మగలు ఆడ వెంటపడి అద్దం వెంట పైకీ కిందికీ తిరుగుతాయి. ఆ తర్వాత ఒక మగ అడ్డంగా నిలబడితే ఆడ దాని పొట్టకు మూతి ఆనిస్తుంది. రెండూ కలిసి ‘టి’ అక్షరంలా కొన్ని క్షణాలు నిశ్చలంగా ఉంటాయి. అప్పుడు ఆడ చేప తన కింది రెక్కలను దోసిలిలా ముడిచి అందులోకి ఒకటి నుంచి నాలుగు గుడ్లు వదులుతుంది. వాటిని పట్టుకొని ఈదుతూ వెళ్లి అద్దాన్నో ఆకునో మూతితో తుడిచి, పొట్ట ఆనించి అతికిస్తుంది. ఇది గంటల పాటు సాగుతుంది. ఈ సమయంలో లైటు వేయడం, చేయి పెట్టడం వద్దు.

## 6. గుడ్లను తీసి కాపాడటం

తల్లిదండ్రులే గుడ్లు తినేస్తాయి. వెంటపడటం పూర్తిగా ఆగాక, అదే రోజున గుడ్లు తీయండి. అప్పుడే పెట్టిన గుడ్డు మెత్తగా ఉంటుంది. గంట గడిస్తే పెంకు గట్టిపడి చేత్తో తీయడానికి వీలవుతుంది.

సబ్బు వాసన లేని తడి వేలితో గుడ్డును అద్దం మీద మెల్లగా దొర్లించండి. వేలికి అంటుకొని వస్తుంది. ఆకుల మీద ఉంటే ఆకునే తుంచండి.

- 3–5 లీటర్ల డబ్బాలో అదే తొట్టి నీరు నింపండి.
- గుడ్లను డబ్బా గోడలకు విడివిడిగా అతికించండి. గుత్తులుగా ఉంటే ఒకదాని బూజు మరొకదానికి పాకుతుంది.
- ఎయిర్ స్టోన్ బుడగలు గుడ్ల పక్కనుంచి వెళ్లేలా పెట్టండి. నేరుగా తగలకూడదు.
- మిథిలీన్ బ్లూ (బూజును ఆపే నీలి మందు) చుక్కచుక్కగా వేస్తూ నీరు లేత ఆకాశనీలం రంగు వచ్చాక ఆపండి. ముదురు నీలం అనవసరం.
- డబ్బాను నేరుగా వెలుతురు పడని చోట ఉంచండి.

24–26 డిగ్రీల వద్ద సుమారుగా జరిగేది ఇది: మొదటి రోజు గుడ్లు పాలమీగడ రంగులో ఉంటాయి. రెండో రోజుకు ఫలించినవి లేత గోధుమ రంగుకు తిరుగుతాయి. మూడో రోజు లోపల నల్లటి కళ్లు రెండు చుక్కల్లా కనిపిస్తాయి. నాలుగో, ఐదో రోజున పిల్లలు బయటికి వస్తాయి. నీరు చల్లగా ఉంటే ఇంకో రెండు మూడు రోజులు పట్టవచ్చు.

పూర్తిగా తెల్లబడి, చుట్టూ నూగు పట్టిన గుడ్లను రోజుకు రెండుసార్లు డ్రాపర్‌తో తీసేయండి. గుడ్లు పగలడం మొదలయ్యాక రోజుకు మూడో వంతు నీరు మారుస్తూ నీలం రంగును పలుచన చేయండి.

## 7. మొదటి రెండు వారాలు

ఇక్కడ ఓపిక కావాలి. పుట్టిన పిల్ల అర సెంటీమీటరు ఉంటుంది, పొట్ట కింద సొన సంచి వేలాడుతుంది. రెండు మూడు రోజులు ఆ సొనే దాని ఆహారం. అప్పుడు తిండి వేస్తే కుళ్లడం తప్ప ప్రయోజనం లేదు. సంచి దాదాపు కరిగిపోయాక తిండి మొదలుపెట్టండి.

తొట్టి. 10–20 లీటర్లు, నీరు 10–15 సెంటీమీటర్ల లోతు, ఇంతకుముందు వాడిన స్పాంజి ఫిల్టర్. అడుగు ఖాళీగా ఉంచవచ్చు లేదా రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని ఇసుక చల్లవచ్చు. ఖాళీ అడుగైతే మురికి కనిపిస్తుంది, కానీ జిగురు పొర త్వరగా పడుతుంది. పలుచని ఇసుక మీద పిల్లలు ఆ పొరకు నేరుగా ఆనుకోవు. రోజూ తుడవగలిగితే ఖాళీ అడుగు, లేకపోతే ఇసుక. నాలుగైదు చిన్న నత్తలను వేస్తే మిగిలిన తిండిని తింటాయి.

ఆర్టీమియా తయారీ. కోరీ పిల్లలకు దీన్ని మించిన తిండి లేదు.

1. లీటరు నీటిలో అయోడిన్ కలపని ఉప్పు 25–30 గ్రాములు కరిగించండి.
2. అర చెంచా ఆర్టీమియా గుడ్లు వేయండి.
3. 26–28 డిగ్రీల వద్ద, వెలుతురులో, గుడ్లు అడుగున చేరకుండా బలంగా గాలి పెట్టండి.
4. 24–36 గంటల తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగండి. పెంకులు పైకి తేలతాయి. నారింజ రంగు పిల్లలు కిందివైపు, వెలుతురు ఉన్న చోటికి చేరతాయి.
5. సన్నని గొట్టంతో వాటిని మాత్రమే లాగి, సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీటితో కడిగి వెంటనే వేయండి.

ఆర్టీమియా దొరకని రోజుకు మైక్రోవార్మ్‌లు (అతి సన్నని పురుగులు) మంచి ప్రత్యామ్నాయం. అవి అడుగుకే మునుగుతాయి, అక్కడే పిల్లలుంటాయి. మెత్తగా పొడి చేసిన గుళికలు చివరి మార్గం, అవి నీటిని త్వరగా పాడుచేస్తాయి.

రోజు క్రమం. మూడు పూటలా చాలా కొద్దిగా వేయండి. తిన్న అరగంటకు భూతద్దంతో చూడండి: పారదర్శకమైన పొట్టలోంచి నారింజ రంగు కనిపిస్తే ఆ పిల్ల తిన్నట్టే. రంగు కనిపించని పిల్లలు ఎక్కువగా ఉంటే తిండిని అవి ఉన్న చోటికే డ్రాపర్‌తో చేర్చండి. ఉదయం, సాయంత్రం మిగిలిన తిండిని ఎయిర్ పంపు గొట్టంతో లాగేయండి. లాగిన నీటిని తెల్లని గిన్నెలోకి పట్టండి, పొరపాటున వచ్చిన పిల్లలను తిరిగి వేయవచ్చు. అడుగు ఖాళీగా ఉంటే పొరను శుభ్రమైన స్పాంజి ముక్కతో తుడవండి. రోజూ 20–30 శాతం నీరు మార్చండి. కొత్త నీరు అదే వేడిలో ఉండాలి, గొట్టంలోంచి చుక్కచుక్కగా పడాలి. పెద్దవాటి చేత గుడ్లు పెట్టించిన చల్లని నీటి ఉపాయం పిల్లలకు ప్రాణాంతకం.

ఒక్కరోజు తుడవడం మానేసినా మరునాడు వేలితో అడుగు తాకితే జారుతున్నట్టు తెలుస్తుంది. పిల్లల మెత్తని పొట్ట, మీసాలు పగలూ రాత్రీ ఆనుకొని ఉండేది ఆ పొర మీదే.

## 8. తరచూ వచ్చే సమస్యలు, సవరణలు

ఎన్నిసార్లు నీరు మార్చినా గుడ్లు లేవు. చేపల వయసు, మగల సంఖ్య చూడండి. ఆ తర్వాత తిండి. ఆడ పొట్ట నిండకుండా చల్లని నీరు ఎంత పోసినా ఉపయోగం లేదు.

గుడ్లు పెట్టినా అన్నీ తెల్లబడ్డాయి. తొలి విడతల్లో ఇది మామూలే, కుర్ర మగలు సరిగా ఫలింపజేయలేవు. మూడు నాలుగు విడతల తర్వాతా ఇలాగే ఉంటే మగల సంఖ్య పెంచండి, మరింత మృదువైన నీరు ప్రయత్నించండి.

ఐదు నుంచి పది రోజుల మధ్య పిల్లలు చనిపోతున్నాయి. పొట్టలు ఖాళీగా ఉంటే ఆకలి. పొట్టలు నిండి ఉన్నా చనిపోతుంటే అడుగు మురికి లేదా అమ్మోనియా. వెంటనే పరీక్షించి, మిగిలిన పిల్లలను కడిగిన తొట్టిలోకి, పాత ఫిల్టర్‌తో సహా మార్చండి.

మీసాలు కురచబడుతున్నాయి. ఇసుక కదిపి శుభ్రం చేయండి, నీటి మార్పు వారానికి రెండుసార్లు చేయండి. మొదలు దాకా అరగకపోతే చాలావరకు తిరిగి పెరుగుతాయి.

పదేపదే పైకి వచ్చి గాలి మింగుతున్నాయి. అప్పుడప్పుడూ అయితే సహజం. గుంపంతా నిమిషానికోసారి వస్తుంటే ఆక్సిజన్ తగ్గింది లేదా అమ్మోనియా, నైట్రైట్ పెరిగింది. సగం నీరు మార్చి గాలి పెంచండి.

మందు వేయాల్సి వచ్చింది. కోరీలు రాగి ఉన్న మందులను, ఎక్కువ ఉప్పును తట్టుకోలేవు. సీసా మీద క్యాట్‌ఫిష్‌లకు ప్రత్యేక మోతాదు రాశారేమో చూడండి. ముందుగా నీటి నాణ్యత సరిచేయండి, సగం జబ్బులు అక్కడే తగ్గుతాయి.

## 9. పిల్లలను పెద్ద తొట్టిలోకి మార్చడం, ఇతరులకు ఇవ్వడం

ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెద్ద జాతుల పిల్లలు ఒకటిన్నర సెంటీమీటర్లకు చేరి, అచ్చం పెద్దవాటి పోలికతో ఉంటాయి. ఈలోగా నాలుగో వారం నుంచి పెద్ద తొట్టిలోకి, లోతైన నీటిలోకి మార్చుకుంటూ రండి. ఇరుకులో పెరిగినవి గిడసబారతాయి. రెండు సెంటీమీటర్లు దాటాక పెద్దవాటితో కలపవచ్చు.

ఎవరికైనా ఇచ్చేటప్పుడు:

- ముందురోజు తిండి ఆపండి.
- ముళ్లు సంచిని గుచ్చుతాయి కాబట్టి రెండు సంచులు ఒకదానిలో ఒకటి పెట్టండి. మూలలను మడిచి కట్టండి, లేకపోతే చేపలు మూలల్లో ఇరుక్కుంటాయి.
- సంచిలో మూడో వంతు నీరు, మిగతా అంతా గాలి.
- స్టెర్బాయ్ వంటి కొన్ని జాతులు భయపడినప్పుడు విషపదార్థం వదులుతాయి. కొద్దిపాటి నీటిలో అది వాటినే చంపుతుంది. పట్టుకున్న వెంటనే సంచిలో వేయకుండా డబ్బాలో అరగంట ఉంచండి. ఆ తర్వాత కొత్త నీటితో సంచిలోకి మార్చండి. నీరు నురగ కట్టినట్టు కనిపిస్తే మరోసారి మార్చాకే మూతి కట్టండి.